కాగితంపై చుక్క: కంప్యూటర్ ప్రింటర్ల పనితీరు, పోలిక

కంప్యూటర్ ప్రింటర్లన్నీ చేసే పని ఒక్కటే. కాగితం మీద ఎక్కడ చుక్క పెట్టాలో, ఎక్కడ ఖాళీ వదలాలో తెలుసుకుని ఆ చుక్కలు పెట్టడం. అక్షరమైనా, సంతకమైనా, పెళ్లి ఫొటో అయినా యంత్రం దగ్గరికి వచ్చేసరికి చుక్కల వరసే. తేడా అంతా ఆ చుక్క ఎలా పడుతుందన్న దాంట్లోనే ఉంది. పిన్నుతో కొట్టి పెట్టవచ్చు. కాగితాన్నే వేడిచేసి నల్లబరచవచ్చు. ఇంకు చిమ్మవచ్చు. స్థిర విద్యుత్తుతో పొడిని అంటించి, కరిగించి పట్టించవచ్చు. డాట్ మాట్రిక్స్, థర్మల్, ఇంక్‌జెట్, లేజర్ అనే నాలుగు ప్రధాన రకాలూ ఈ నాలుగు పద్ధతుల నుంచి వచ్చినవే.

వేగం, ఖర్చు, రంగు, మన్నిక, చప్పుడు వంటి మంచిచెడ్డలన్నీ చుక్క పడే తీరు నుంచే పుడతాయి. అందుకే ఈ నాలుగింటిలో కొత్తది వచ్చినప్పుడల్లా పాతది పూర్తిగా మూలపడలేదు. తనకు సరిపడే పనిలో నిలదొక్కుకుంది. ఒకే ఊళ్లో బ్యాంకు కౌంటరు మీద డాట్ మాట్రిక్స్, ఆర్టీసీ కండక్టరు చేతిలో థర్మల్, జిరాక్స్ షాపులో లేజర్, ఫొటో స్టూడియోలో ఇంక్‌జెట్ ఇప్పటికీ పక్కపక్కనే పనిచేస్తున్నాయి.

చుక్కల లెక్క

అంగుళం పొడవులో ప్రింటర్ ఎన్ని చుక్కలు పెట్టగలదో చెప్పే కొలత డీపీఐ. 300 డీపీఐ అంటే ఒక్కో చుక్కకు దక్కే చోటు మిల్లీమీటరులో పన్నెండో వంతు. 600 డీపీఐలో అది అందులో సగం. ఏ4 కాగితాన్ని 300 డీపీఐ లెక్కన నింపాలంటే అడ్డంగా 2,480, నిలువుగా 3,508, మొత్తం సుమారు 87 లక్షల చుక్కల గళ్లు కావాలి. డీపీఐ రెట్టింపైతే గళ్లు నాలుగు రెట్లవుతాయి.

చాలా ప్రింటర్లకు చుక్క పెట్టడం, పెట్టకపోవడం తప్ప మధ్యస్థితి తెలియదు. బూడిద రంగు కావాలంటే నల్ల చుక్కలను పలచగానో చిక్కగానో పేర్చి కంటిని నమ్మించాలి. దీన్నే హాఫ్‌టోన్ అంటారు. అడ్డం 8, నిలువు 8 గళ్లను ఒక గడిగా తీసుకుంటే అందులో సున్నా నుంచి 64 దాకా చుక్కలు పెట్టి 65 ఛాయలు చూపించవచ్చు. అలా చేసినప్పుడు 600 డీపీఐ యంత్రానికి అంగుళానికి 75 గడులే మిగులుతాయి. అక్షరాలను అద్దంలా అచ్చువేసే ప్రింటర్ ఫొటో దగ్గర తేలిపోవడానికి ఒక ముఖ్య కారణం ఈ లెక్కే.

రంగులకు సయాన్ అనే లేత నీలం, మెజెంటా, పసుపు ఆధారం. ఈ మూడూ కాగితం మీద పడిన తెల్లని వెలుగులో ఒక్కో భాగాన్ని మింగేస్తాయి. మూడింటినీ కలిపితే నలుపు రావాలి గానీ, నిజానికి బురద రంగు లాంటి గోధుమ వర్ణం వస్తుంది. పైగా మూడు పొరలు పడితే కాగితం తడిసిపోతుంది, ఖర్చూ పెరుగుతుంది. అందుకే నల్ల ఇంకును వేరుగా వాడతారు.

కొట్టి పెట్టే చుక్క

తొలి కంప్యూటర్ ప్రింటర్లు టైప్‌రైటరు వంశానివి. అక్షరపు అచ్చు రిబ్బనును, రిబ్బను కాగితాన్ని తాకితే గుర్తు పడేది. 1959లో ఐబీఎం 1401 కంప్యూటర్‌తో పాటు వచ్చిన 1403 లైన్ ప్రింటర్‌లో అచ్చులన్నీ ఒక గొలుసు మీద గిర్రున తిరుగుతుండేవి. కావలసిన అక్షరం ఎదురుగా వచ్చిన క్షణానే కాగితం వెనుక ఉన్న సుత్తి కొట్టేది. నిమిషానికి 600 పంక్తుల వేగం ఆనాడు గొప్ప విషయం. 1970లలో వచ్చిన డైసీ వీల్ ప్రింటర్‌లో చక్రం రేకుల చివర అక్షరాలుండేవి. అచ్చు టైప్‌రైటరు అంత శుభ్రంగా వచ్చేది. అయితే చక్రం మీద లేని అక్షరం రాదు, బొమ్మ అసలే రాదు. లేజర్ రాగానే ఇది కనుమరుగైంది.

అచ్చును వదిలేసి చుక్కను పట్టుకున్నది డాట్ మాట్రిక్స్. 1970లో అమెరికా సంస్థ సెంట్రానిక్స్ తెచ్చిన 101 మోడల్ ఈ రకానికి బాట వేసింది. ఆ సంస్థ కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య వాడిన సమాంతర కేబుల్ పద్ధతి యూఎస్‌బీ వచ్చేదాకా ప్రపంచమంతా నడిచింది. 1980 ప్రాంతంలో ఎప్సన్ ఎంఎక్స్-80 వచ్చాక డాట్ మాట్రిక్స్ చిన్న కంప్యూటర్ల పక్కన స్థిరపడింది.

దీని గుండె ప్రింట్ హెడ్. అందులో సన్నని తీగల్లాంటి పిన్నులు 9 గానీ 24 గానీ నిలువు వరసల్లో ఉంటాయి. ఒక్కో పిన్ను వెనుక చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. దానికి కరెంటు అందితే పిన్ను ముందుకు దూకి రిబ్బనును కాగితానికేసి కొడుతుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. హెడ్ అడ్డంగా పరుగెత్తుతుండగా ఇదంతా సెకనుకు వందల సార్లు జరుగుతుంది. మందుల దుకాణంలో బిల్లు కొడుతుంటే వినిపించే కీచుమనే చప్పుడు ఈ దెబ్బలదే.

9 పిన్నుల హెడ్‌లో పిన్నుల మధ్య దూరం అంగుళంలో 72వ వంతు. ఇంగ్లిషు అక్షరం ఆ ఎత్తులో ఒక్క పరుగులో ఇమిడిపోతుంది. తెలుగు ఇమడదు. పైన గుడి, కింద వత్తు, దాని కింద ఇంకో వత్తు ఉండే అక్షరాన్ని అంత ముతక చుక్కలతో పోల్చుకోవడం కష్టం. 24 పిన్నుల యంత్రం కాస్త మెరుగు. ఇంకో చిక్కూ ఉంది. ఈ ప్రింటర్ల లోపలి మెమొరీలో ఇంగ్లిషు అక్షరాల ఆకారాలు ముందే నిక్షిప్తమై ఉంటాయి. కంప్యూటర్ అక్షరం సంకేతం పంపితే చాలు. తెలుగుకు ఆ ఏర్పాటు లేదు కాబట్టి ప్రతి పంక్తినీ బొమ్మగా మార్చి పంపాలి. హెడ్ ఒకే పంక్తి కోసం పలుమార్లు తిరగాలి. ఇంగ్లిషు బిల్లు గబగబా రావడానికీ తెలుగు బిల్లు నింపాదిగా రావడానికీ తేడా ఇక్కడుంది.

ఇన్ని లోపాలున్నా డాట్ మాట్రిక్స్ బతికి ఉండటానికి కారణం దాని దెబ్బే. కాగితాన్ని గట్టిగా కొట్టే ప్రింటర్ ఒక్కటే కార్బన్ నకళ్లు ఇవ్వగలదు. కొనుగోలుదారుకు ఒకటి, లారీ డ్రైవరుకు ఒకటి, గోడౌనుకు ఒకటి అంటూ ఒకే దెబ్బలో మూడు నాలుగు ప్రతులు వస్తాయి. సంఖ్య మార్చిన నకలు ఒకటి, అసలు ఒకటి అన్న పేచీ తగ్గుతుంది. బ్యాంకు పాస్‌బుక్కు లాంటి మందపాటి పుస్తకాన్ని పరచి అచ్చువేయగల ప్రింటర్లూ ఈ రకానివే. అంచుల్లో చిల్లులున్న మడతల కాగితం పళ్ల చక్రాల మీద ఆగకుండా నడుస్తుంది కాబట్టి రాత్రంతా రిపోర్టులు కొట్టినా మనిషి పక్కన నిలబడనక్కర్లేదు. దుమ్ము, ఎండ, ఓల్టేజి హెచ్చుతగ్గులు దీన్ని పెద్దగా బాధించవు. రిబ్బను ఒక్కసారిగా అయిపోదు. మెల్లగా మసకబారుతూ మార్చమని ముందే చెబుతుంది. టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ ఎంఎస్‌పీ వరస ప్రింటర్లు భారతీయ దుకాణాల్లో, గోడౌన్లలో ఏళ్ల తరబడి నడవడానికి కారణాలు ఇవే.

వేడితో వచ్చే నలుపు

థర్మల్ ప్రింటర్‌కు ఇంకు లేదు, రిబ్బను లేదు, టోనర్ పొడి లేదు. రంగు కాగితంలోనే దాగి ఉంటుంది. థర్మల్ కాగితం పై పూతలో రంగులేని రూపంలో ఒక రంజకం, దానితో చర్య జరిపి రంగు తేల్చే ఆమ్ల గుణమున్న మరో రసాయనం కలిసి ఉంటాయి. వేడి తగిలినప్పుడు పూత కరిగి రెండూ కలుస్తాయి. ఆ చోట నలుపు తేలుతుంది. ప్రింటర్ హెడ్ అనేది కాగితం వెడల్పంతా పరచుకున్న సూక్ష్మమైన వేడి గింజల వరస. హెడ్ కదలదు, కాగితమే దాని కింద జరుగుతుంది. మిల్లీమీటరుకు 8 గింజలుండే 203 డీపీఐ హెడ్‌లు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. 58 మిల్లీమీటర్ల రోల్ వాడే యంత్రంలో 48 మిల్లీమీటర్ల మేర అచ్చు పడుతుంది. అంటే ఒక్కో గీతకు 384 చుక్కలు.

కదిలే భాగాలు తక్కువ కాబట్టి ఈ యంత్రం చిన్నది, నిశ్శబ్దమైనది, చవకైనది. బ్యాటరీతో నడుస్తుంది. ఆర్టీసీ కండక్టర్లు టికెట్లిచ్చే టిమ్ యంత్రం, పెట్రోలు బంకు రసీదు, ఏటీఎం చీటీ, కార్డు గీకే యంత్రం బిల్లు దీని సామ్రాజ్యం. కానీ రంగు వేడితోనే వచ్చింది కాబట్టి వేడితోనే చెడుతుంది. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన రసీదు మొత్తం నల్లబడుతుంది. ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచిన వారంటీ బిల్లు, కవరును మెత్తగా ఉంచే రసాయనం తగిలి కొన్ని నెలల్లో తెల్లబడిపోతుంది. థర్మల్ రసీదును దాచుకోవాలంటే కొన్న రోజే జిరాక్స్ తీయించుకోవడమో ఫోనులో ఫొటో తీసుకోవడమో మేలు. రంగు తేల్చే రసాయనంగా వాడే బిస్‌ఫినాల్-ఏ ఆరోగ్యానికి మంచిది కాదని యూరోపియన్ యూనియన్ 2020 జనవరి నుంచి థర్మల్ కాగితంలో దాని మోతాదుకు గట్టి పరిమితి పెట్టింది.

అదే వేడి హెడ్‌కూ మామూలు కాగితానికీ మధ్య మైనం లేదా రెజిన్ పూసిన రిబ్బను పెడితే అది థర్మల్ ట్రాన్స్‌ఫర్ అవుతుంది. వేడి తగిలిన చోట పూత కరిగి లేబుల్‌కు అంటుకుంటుంది. బార్‌కోడ్ లేబుళ్లు చాలావరకు ఇలా తయారవుతాయి. రెజిన్ రిబ్బనుతో ప్లాస్టిక్ లేబుల్ మీద వేసిన గుర్తు రాపిడికీ రసాయనాలకూ తట్టుకుంటుంది.

డై సబ్లిమేషన్ ఇంకో మెట్టు పైది. రిబ్బను మీద పసుపు, మెజెంటా, సయాన్ పలకలు వరసగా ఉంటాయి. వేడికి రంగు ఫొటో కాగితం పూతలోకి ఇంకుతుంది. వేడి పెరిగేకొద్దీ ఇంకే రంగు పెరుగుతుంది కాబట్టి ఇక్కడ హాఫ్‌టోన్ మాయ అక్కర్లేదు. ఒక్కో చుక్కకే వందల ఛాయలు వస్తాయి. 300 డీపీఐ మాత్రమే అయినా ఫొటో మృదువుగా ఉండేది అందుకే. పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పీవీసీ గుర్తింపు కార్డులు దీని పని. ఒక మూలన చిన్న ఫొటో వేసినా మూడు పలకలూ ఖర్చవుతాయి. వాడేసిన రిబ్బను మీద ఆ ఫొటో జాడ మిగిలి ఉంటుంది కనుక గుర్తింపు కార్డులు వేసేచోట దాన్ని చింపి పారేయడం క్షేమం.

చిమ్మే ఇంకు

కాగితాన్ని తాకకుండా ఇంకును దాని మీదికి పంపాలన్న ఆలోచన కంప్యూటర్ కంటే పాతది. టెలిగ్రాఫ్ సంకేతాలను నమోదు చేయడానికి విలియం థామ్సన్, అంటే తర్వాతి రోజుల లార్డ్ కెల్విన్, 1867లో ఇంకును కాగితంపై చిమ్మే సైఫన్ రికార్డరుకు పేటెంటు పొందాడు. నేటి ఇంక్‌జెట్ రెండు దారుల్లో నడుస్తోంది.

మొదటిది నిరంతర ధార. నాజిల్ నుంచి ఇంకు ఆగకుండా వస్తూ సెకనుకు వేల వేల బిందువులుగా విడిపోతుంది. కావలసిన బిందువులకు విద్యుదావేశం ఇచ్చి, పలకల మధ్య పక్కకు వంచి తగిన చోట పడేలా చేస్తారు. అక్కర్లేనివి ఒక గొట్టంలోకి తిరిగి వెళ్లిపోతాయి. నాజిల్ వస్తువుకు కాస్త దూరంలోనే ఉండవచ్చు, ఇంకు క్షణంలో ఆరుతుంది. నీళ్ల సీసాలు, శీతల పానీయాల డబ్బాలు కన్వేయర్ మీద పరుగెడుతుండగా వాటిపై తేదీ, బ్యాచ్ నంబరు, ధర వేసేది ఈ యంత్రమే. ఆ అంకెలు విడివిడి చుక్కలుగా కనబడటం దీని ఆనవాలు.

రెండోది అవసరమైనప్పుడే బిందువును విడిచే పద్ధతి. ఇల్లు, ఆఫీసుల్లోని ఇంక్‌జెట్లన్నీ ఈ రకానివే. ఇందులో మళ్లీ రెండు శాఖలు. 1977లో కెనాన్‌లో పనిచేస్తున్న ఇచిరో ఎండో ప్రయోగశాలలో ఇంకు నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ ఐరన్ తగిలి ఇంకు చిమ్మిందని, బబుల్‌జెట్ ఆలోచన అక్కడే పుట్టిందని ఆ సంస్థ చెప్పుకుంటుంది. కొద్ది కాలానికే హెచ్‌పీలో జాన్ వాట్ విడిగా ఇదే దారి కనిపెట్టాడు. సన్నని గదిలోని ఇంకు అడుగున ఒక సూక్ష్మ హీటరు ఉంటుంది. కొన్ని మైక్రోసెకన్ల పాటు కరెంటు పారితే దాన్ని ఆనుకున్న ఇంకు పొర దాదాపు 300 డిగ్రీలకు చేరి ఆవిరి బుడగవుతుంది. బుడగ ఉబ్బి ఒక బిందువును నాజిల్ బయటికి నెడుతుంది. బుడగ చితికిపోగానే ఏర్పడిన ఖాళీ కొత్త ఇంకును లోపలికి లాగుతుంది. ఇదంతా సెకనుకు వేల సార్లు. 1984లో హెచ్‌పీ థింక్‌జెట్, 1988లో డెస్క్‌జెట్ ఈ పద్ధతిని ఇళ్లలోకి తెచ్చాయి.

ఎప్సన్ ఎంచుకున్నది పియెజో పద్ధతి. కరెంటు ఇస్తే ఆకారం మారే పదార్థం గది గోడను నొక్కుతుంది, బిందువు బయటపడుతుంది. ఇక్కడ ఇంకు ఉడకదు. కాబట్టి నీటి ఇంకే కాక సాల్వెంటు ఇంకు, అతినీలలోహిత కాంతికి గట్టిపడే ఇంకు కూడా వాడవచ్చు. కరెంటు హెచ్చుతగ్గులతో బిందువు సైజును మార్చవచ్చు. నేటి ఫొటో ప్రింటర్ల బిందువు పరిమాణం కొన్ని పికోలీటర్లే. పికోలీటరు అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు.

పియెజో హెడ్ ఖరీదైనది, ప్రింటర్‌లోనే శాశ్వతంగా ఉంటుంది. వేడి బుడగ హెడ్ చవక కాబట్టి చాలా మోడళ్లలో కార్ట్రిడ్జ్‌కే అతికించి ఉంటుంది. నాజిల్ పూడుకుపోతే మొదటిదానికి రిపేరు ఖర్చు, రెండోదానికి కొత్త కార్ట్రిడ్జ్‌తో సరి. నాజిళ్లు వెంట్రుక కంటే సన్నం. వారాల పాటు వాడకపోతే ఇంకు ఎండి గడ్డ కడుతుంది. హెడ్ క్లీనింగ్ ఇస్తే ప్రింటర్ ఇంకును బలంగా లాగేసి అడుగున ఉన్న స్పాంజిలోకి వదులుతుంది. వాడకం లేకున్నా ఇంకు తరిగిపోయేది ఇలాగే. ఆ స్పాంజి నిండిందని లెక్క చూపగానే కొన్ని ప్రింటర్లు పనే ఆపేస్తాయి. ఇంక్‌జెట్ కొన్నవారు వారానికి ఒక రంగు పేజీ అయినా తీస్తుండాలని మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

ఇంకులోనూ రెండు జాతులు. డై ఇంకు నీటిలో పూర్తిగా కరిగిన రంగు. తళతళలాడుతుంది గానీ తడి తగిలితే పాకుతుంది, వెలుగుకు వెలుస్తుంది. పిగ్మెంటు ఇంకులో రంగు సూక్ష్మ రేణువులుగా తేలుతూ ఉంటుంది. అది కాగితం పైభాగంలోనే నిలుస్తుంది కాబట్టి అక్షరం అంచు స్పష్టంగా ఉంటుంది, నీటికీ వెలుగుకూ తట్టుకుంటుంది. చాలా ప్రింటర్లలో నలుపుకు పిగ్మెంటు, రంగులకు డై వాడేది ఈ రెండు లాభాల కోసం. కాగితం సంగతీ అంతే. మామూలు కాగితం నారల వెంట ఇంకు పాకుతుంది. ఫొటో కాగితం పూత దాన్ని పడ్డచోటే పట్టేస్తుంది.

2010లో ఎప్సన్ మొదట ఇండోనేషియాలో, ఆ తర్వాత ఇతర దేశాల్లో ఇంకు ట్యాంకు ప్రింటర్లు దించింది. అప్పటికే కార్ట్రిడ్జ్‌ల ధర భరించలేక దుకాణదారులు ప్రింటర్ పక్కన ఇంకు డబ్బాలు పెట్టి, సన్న గొట్టాలతో హెడ్‌కు కలుపుకునేవారు. ఆ నాటు పద్ధతినే కంపెనీ తన వారంటీతో ఇచ్చింది. తర్వాత కెనాన్, హెచ్‌పీ అదే దారి పట్టాయి. ఒక సీసా నల్ల ఇంకుతో నాలుగు వేల పైచిలుకు పేజీలు రావడంతో మీసేవ కేంద్రాలు, ఇంటర్నెట్ షాపులు, చదువుకునే పిల్లలున్న ఇళ్లు ఇటు మళ్లాయి.

ఇదే పద్ధతిని పెద్దదిగా చేస్తే ఫ్లెక్సీ ప్రింటర్. పది అడుగుల వెడల్పు పీవీసీ గుడ్డ మీద పియెజో హెడ్‌లు సాల్వెంటు ఇంకు చిమ్ముతాయి. సాల్వెంటు ప్లాస్టిక్ పైపొరను కాస్త కరిగించి రంగును పట్టిస్తుంది కాబట్టి వానకూ ఎండకూ కొంతకాలం ఆగుతుంది. దూరం నుంచి చూసేది గనుక చుక్కలు ముతకగా ఉన్నా ఫర్వాలేదు. పుట్టినరోజు శుభాకాంక్షల నుంచి సినిమా కటౌట్ల దాకా తెలుగు ఊళ్ల కూడళ్లను నింపిన ఈ యంత్రం, చేతితో బోర్డులు రాసే పెయింటర్ల పనిని చాలావరకు లాగేసుకుంది.

పొడితో అచ్చు

లేజర్ ప్రింటర్ మూలం జిరాక్స్ యంత్రం. 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్, సహాయకుడు ఒట్టో కోర్నైతో కలిసి పొడితో తొలి నకలు తీశాడు. ఆ తేదీ, ఆ ఊరి పేరే ఆ నకలు మీది మాటలు. దాన్ని వ్యాపారంగా మలిచిన హాలాయిడ్ సంస్థే తర్వాత జిరాక్స్ అయింది. కాపీ యంత్రంలో అసలు పత్రం నుంచి వచ్చే వెలుగుకు బదులు కంప్యూటర్ ఆడించే లేజర్ కిరణాన్ని పెట్టవచ్చని ఆ సంస్థలోని గ్యారీ స్టార్క్‌వెదర్ 1960ల చివర ప్రతిపాదించాడు. 1971లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రానికి మారాక దాన్ని చేసి చూపించాడు. 1977లో జిరాక్స్ 9700 నిమిషానికి 120 పేజీల వేగంతో వచ్చింది. 1984లో కెనాన్ యంత్ర భాగంతో హెచ్‌పీ తెచ్చిన లేజర్‌జెట్ నిమిషానికి 8 పేజీలే ఇచ్చినా బల్ల మీద పట్టింది. దాని ధర 3,495 డాలర్లు.

పని జరిగే తీరు ఇది. కాంతి తగిలితేనే విద్యుత్తును పారనిచ్చే పూత ఉన్న గొట్టం డ్రమ్. చీకటిలో తిరుగుతున్న దానిపై చార్జి రోలరు సమానంగా రుణావేశం పులుముతుంది. తర్వాత గిర్రున తిరిగే పలకల అద్దం మీద పడిన లేజర్ కిరణం డ్రమ్‌ను అడ్డంగా గీతలు గీతలుగా తడుముతుంది. నల్లగా రావలసిన చోట కిరణం వెలిగి, అక్కడి ఆవేశాన్ని నేలపాలు చేస్తుంది. రుణావేశమున్న టోనర్ పొడి ఆవేశం తగ్గిన చోట్లకే అంటుకుంటుంది. కింద నుంచి వచ్చిన కాగితం వెనుక ధనావేశమున్న రోలరు ఆ పొడిని కాగితం మీదికి లాగుతుంది. దువ్వెన కాగితం ముక్కలను లాగడంలో ఉన్న బలమే ఇది. అప్పటికి పొడి కాగితం మీద ఊరికే నిలిచి ఉంటుంది. వేలితో రాస్తే పోతుంది. దాదాపు 200 డిగ్రీల వేడి ఉన్న ఫ్యూజర్ రోలర్ల మధ్య నలిగి వచ్చాక ప్లాస్టిక్ పొడి కరిగి నారల్లో పట్టుకుంటుంది. మిగిలిన పొడిని ఒక రబ్బరు బ్లేడు డ్రమ్ మీంచి గీకేస్తుంది.

చిన్న లేజర్లలో డ్రమ్ వ్యాసం 24 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 75. ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు గనుక ఒక పేజీకి డ్రమ్ దాదాపు నాలుగు చుట్లు తిరగాలి. అందుకే డ్రమ్ మీద గీత పడితే అదే మచ్చ పేజీలో నాలుగు చోట్ల సమాన దూరంలో కనిపిస్తుంది. స్కేలు పెట్టి ఆ దూరం కొలిస్తే చాలు, తప్పు డ్రమ్‌లో ఉందో ఫ్యూజర్‌లో ఉందో రిపేరు చేసేవారు చెప్పేస్తారు. పేజీ అంతా బూడిద పొగ కమ్మితే, నిలువునా నల్ల చార వస్తే అనుమానం అరిగిన బ్లేడు మీదికో చార్జి రోలరు మీదికో పోతుంది.

డ్రమ్, టోనర్, బ్లేడు అన్నీ ఒకే కార్ట్రిడ్జ్‌లో పెట్టడం కెనాన్ తెచ్చిన పెద్ద సౌకర్యం. కార్ట్రిడ్జ్ మారిస్తే ప్రింటర్ సగం కొత్తదైనట్టే. మన దగ్గర మాత్రం ఇదే రీఫిల్లింగ్ వ్యాపారానికి పునాది అయింది. హెచ్‌పీ 1020, కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటి ప్రింటర్లకు సరిపోయే '12ఏ' రకం కార్ట్రిడ్జ్ 2,000 పేజీల అంచనాతో వస్తుంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీ నుంచి చిన్న పట్టణాల దాకా దాన్ని విప్పి, పాత పొడి దులిపి, కొత్త పొడి నింపి తక్కువ ధరకు ఇచ్చేవారున్నారు. రెండు మూడు సార్లకొకసారి డ్రమ్, బ్లేడు కూడా మార్చితే అచ్చు బాగుంటుంది. పొడి మాత్రమే నింపుతూ పోతే మచ్చలు మొదలవుతాయి.

లేజర్ కిరణానికి బదులు డ్రమ్ వెడల్పంతా ఎల్‌ఈడీల వరస పెడితే ఎల్‌ఈడీ ప్రింటర్. అద్దం తిరగాల్సిన పని లేదు, కదిలే భాగాలు తగ్గుతాయి. రంగు లేజర్‌లో నాలుగు రంగులకు నాలుగు డ్రమ్‌లు వరసగా ఉండి ఒకే పట్టీ మీద బొమ్మను పేరుస్తాయి. నాలుగూ చుక్క తేడా లేకుండా కలవాలి కాబట్టి యంత్రం బరువు, ధర పెరుగుతాయి. చాలా రంగు లేజర్లు కంటికి ఆనని పసుపు చుక్కలతో సీరియల్ నంబరు, తేదీ వంటి వివరాలను ప్రతి పేజీ మీదా వేస్తాయి. దొంగనోట్లను పట్టుకోవడానికి పెట్టిన ఈ గుర్తును ఒక జిరాక్స్ మోడల్ విషయంలో 2005లో డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఛేదించి బయటపెట్టింది.

కంప్యూటర్ పంపేది ఏమిటి

పేజీని చుక్కలుగా మార్చే పని ఎవరు చేస్తారన్నది ఇంకో తేడా. 300 డీపీఐ ఏ4 పేజీ చుక్కలన్నీ దాచడానికి పది లక్షల బైట్లకు పైగా మెమొరీ కావాలి. 1984 నాటి లేజర్‌జెట్‌లో ఉన్నది 128 కిలోబైట్లే. అందుకే తన సొంత అక్షరాలతో పేజీ నింపగలిగేది గానీ, పూర్తి పేజీ బొమ్మను 300 డీపీఐలో వేయలేకపోయేది. 1985లో ఆపిల్ లేజర్‌రైటర్ ఒకటిన్నర మెగాబైట్ల మెమొరీతో, అడోబీ తయారుచేసిన పోస్ట్‌స్క్రిప్ట్ భాషతో వచ్చింది. అక్షరం ఆకారాన్ని గీతలు, వంపుల లెక్కగా పంపితే ప్రింటర్ తానే చుక్కలు చేసుకునేది. ఏ లిపి అయినా, ఏ సైజు అయినా సమానమే. అదే ఏడాది వచ్చిన పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌తో కలిసి ఇది కంప్యూటర్ మీదే పేజీలు కట్టే డీటీపీకి తలుపు తీసింది.

తెలుగుకు ఇది పెద్ద మలుపు. పిన్నుల ప్రింటర్ ముందు తలవంచిన వత్తులు, గుణింతాలు లేజర్ మీద అచ్చుపుస్తకంలా వచ్చాయి. పేజ్‌మేకర్‌లో 'అను' తెలుగు ఫాంట్లతో పేజీ కట్టి, లేజర్‌లో బటర్ పేపరు మీద ప్రింటు తీసి, దానితో ఆఫ్‌సెట్ ప్లేటు చేసే పద్ధతి తెలుగునాట చిన్న ప్రెస్సులకు ప్రాణం పోసింది. సీసపు అక్షరాలను ఏరి పేర్చే కంపోజింగ్ దాదాపు కనుమరుగైంది.

నేటి చవక ప్రింటర్లలో పేజీని చుక్కలుగా మార్చే పని తిరిగి కంప్యూటర్‌కే వచ్చింది. ప్రింటర్‌లో పెద్ద ప్రాసెసర్ అక్కర్లేక ధర తగ్గింది. కానీ ఆ కంప్యూటర్‌కు తగిన డ్రైవరు ఉండాలి. విండోస్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత ప్రింటర్ మొరాయించడానికి తరచూ కారణం ఇదే. డ్రైవరు లేకుండానే ఫోను నుంచి ప్రింటు ఇచ్చే ఎయిర్‌ప్రింట్ వంటి ప్రమాణాలు 2010 నుంచి ఈ బెడదను కొంత తగ్గించాయి.

పక్కపక్కన పెడితే

వేగంలో లేజర్‌ది పైచేయి. అది పేజీనంతా ఒకే ఊపులో లాగేస్తుంది; చిన్నవి కూడా నిమిషానికి 12 నుంచి 30కి పైగా పేజీలు ఇస్తాయి. కాకపోతే చల్లగా ఉన్న ఫ్యూజర్ వేడెక్కేదాకా మొదటి పేజీ ఆగుతుంది. ఇంక్‌జెట్ హెడ్ అడ్డంగా తిరగాలి కనుక నిదానం. ఫొటోకు ఇంకా నిదానం. చిన్న రసీదుకు థర్మల్‌ను మించింది లేదు.

అక్షరాల స్పష్టతలో లేజర్, ఫొటోలో ఇంక్‌జెట్, డై సబ్లిమేషన్ ముందుంటాయి. మన్నికలో టోనర్, పిగ్మెంటు ఇంకు దీటైనవి. టోనర్ తడికి చెదరదు కాబట్టి రిజిస్ట్రేషన్ పత్రాలకు, కోర్టు కాగితాలకు తగినది. డై ఇంకు దాని తర్వాత, థర్మల్ అన్నిటికన్నా చివర. నకళ్లలో డాట్ మాట్రిక్స్‌కు పోటీ లేదు.

కరెంటు దగ్గర లెక్క తిరగబడుతుంది. ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు లేజర్ వందల వాట్లు లాగుతుంది కాబట్టి దాన్ని చిన్న యూపీఎస్‌కు తగిలించకూడదు. ఇంక్‌జెట్‌కు పది ఇరవై వాట్లు చాలు. ఇన్వర్టరు మీద నడిచే పల్లెటూరి కేంద్రానికి ఇది చిన్న విషయం కాదు. లేజర్ ఉన్న గదికి గాలి ఆడాలి. వేడి టోనర్ నుంచి అతి సూక్ష్మ రేణువులు వెలువడతాయి.

ఖర్చును ప్రింటర్ ధరతో కొలవడం పొరపాటు. పేజీ ధరతో కొలవాలి. ఉదాహరణకు 4,000 రూపాయల ఇంక్‌జెట్‌లో 800 రూపాయల కార్ట్రిడ్జ్ 160 పేజీలిస్తుందనుకుంటే పేజీకి 5 రూపాయలు. 13,000 రూపాయల ట్యాంకు ప్రింటర్‌లో 400 రూపాయల సీసా 4,000 పేజీలిస్తే పేజీకి 10 పైసలు. కొనేటప్పుడు ఎక్కువ పెట్టిన 9,000 రూపాయలు సుమారు 1,840 పేజీలకు తిరిగి వస్తాయి. నెలకు 100 పేజీలు తీసే ఇంటికి ఏడాదిన్నర. రోజుకు 100 తీసే షాపుకు మూడు వారాలు కూడా పట్టదు. పేజీల సంఖ్య కంపెనీ ఇష్టం కాకుండా నలుపు లేజర్‌కు ఐఎస్‌ఓ 19752, రంగు ఇంక్‌జెట్‌కు 24711 ప్రమాణాలున్నాయి. అవి నిర్ణీత నమూనా పేజీల మీద కొలుస్తాయి కాబట్టి నిండుగా బొమ్మలు తీసేవారికి అంతకంటే చాలా తక్కువ వస్తాయి.

ప్రింటర్‌ను చవకగా ఇచ్చి కార్ట్రిడ్జ్ మీద లాభం తీయడం ఈ రంగంలో పాత ఎత్తుగడ. బయటి ఇంకును అడ్డుకోవడానికి కార్ట్రిడ్జ్‌లో చిప్పులు పెడుతున్నారు. ఒకసారి అమ్మిన కార్ట్రిడ్జ్ మీద కంపెనీకి పేటెంటు హక్కు మిగలదని, నింపి తిరిగి అమ్మేవారిపై పేటెంటు దావా చెల్లదని 2017లో ప్రింటర్ కంపెనీ లెక్స్‌మార్క్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేటెంటు అడ్డు తొలగినా చిప్పు అడ్డు అలాగే ఉంది.

ఏ పనికి ఏది

నకళ్లు, పాస్‌బుక్కులు, దుమ్ములోనూ ఆగకుండా వచ్చే రిపోర్టులు కావాలంటే డాట్ మాట్రిక్స్. ఆ పూటకు పనికొచ్చే రసీదుకు థర్మల్; ఏళ్ల తరబడి ఉండాల్సిన లేబుల్‌కు రెజిన్ రిబ్బను. రోజూ ఎంతో కొంత, అందులోనూ రంగులతో తీసే ఇంటికి, ఇంటర్నెట్ షాపుకు ఇంకు ట్యాంకు. నలుపు అక్షరాలే ఎక్కువగా తీసే ఆఫీసుకు, లాయరుకు, డీటీపీ కేంద్రానికి లేజర్. నెలకు పది పేజీలకు మించి తీయని ఇంటికి కూడా ఇంక్‌జెట్ కంటే చిన్న లేజరే నయం. టోనర్ పొడి కనుక నెలల పాటు కదపకపోయినా గడ్డకట్టి పూడుకుపోదు. ఫొటోకే అయితే డై సబ్లిమేషన్ లేదా ఆరు రంగుల ఇంక్‌జెట్.

కొనేముందు తేల్చుకోవాల్సినవి నాలుగు: నెలకు ఎన్ని పేజీలు, అందులో రంగు ఎంత, ఆ కాగితం ఎన్నాళ్లు నిలవాలి, నకళ్లు కావాలా. వీటికి జవాబు తెలిస్తే ప్రింటర్ రకం దానంతటదే తేలుతుంది. మోడల్, బ్రాండు, వైఫై సదుపాయం ఆ తర్వాత చూసుకోవాల్సిన సంగతులు.